క్లౌడ్‌లో కోహా: ఎక్కించడం ఒక పూట, కాపలా రోజూ

కిందటేడు దాకా మా లైబ్రరీ పుస్తకాలు, సభ్యుల లెక్కలు చూసే కోహా సాఫ్ట్‌వేర్, కౌంటర్ బల్ల కింద ఉన్న ఓ పాత కంప్యూటర్లో నడిచేది. అది మొరాయించిన రోజు ఇష్యూలు, రిటర్నులు అన్నీ నోటుబుక్కులో రాసుకుని తర్వాత ఎక్కించుకోవడమే. విసుగొచ్చి క్లౌడ్‌లో, అంటే ఇంటర్నెట్ ద్వారా వాడుకునే వేరే కంపెనీ కంప్యూటర్లలో, ఒక సర్వర్ అద్దెకు తీసుకుని అక్కడికి మార్చేశాం. ఏడాది వాడాక నా మార్కులు ఇవీ: సాఫ్ట్‌వేర్‌కి అయిదుకి నాలుగున్నర, క్లౌడ్ కాపురానికి మూడు. ఆ పోయిన రెండు మార్కుల్లో ఒకటి మాత్రం అచ్చంగా మా తెలివితక్కువతనానిదే.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. న్యూజిలాండ్‌లోని హోరోఫెనువా లైబ్రరీ ట్రస్ట్ కోసం కటిపో అనే కంపెనీ 1999లో దీన్ని తయారుచేసింది, 2000 జనవరి నుంచి వాడకంలో ఉంది. మావోరీ భాషలో కోహా అంటే కానుక. ఎన్ని పుస్తకాలున్నా, ఎంతమంది సభ్యులున్నా లైసెన్సు డబ్బులంటూ ఉండవు. సర్వర్ అద్దె మాత్రం నెలనెలా కట్టాల్సిందే.

డెబియన్ అనే లైనక్స్ రకం మీద కోహా వాళ్ల ప్యాకేజీ వేసుకుంటే ఇన్‌స్టాలేషన్ ఒక పూట పని. కోహా-క్రియేట్ అనే ఒక్క కమాండుతో డేటాబేసు, సైటు అమరికలు అన్నీ తయారైపోతాయి, ఒకే సర్వర్లో రెండు మూడు లైబ్రరీల్ని విడివిడిగా కూడా నడుపుకోవచ్చు. ఇక్కడిదాకా హాయి.

మేం చేసిన మొదటి తప్పు, అద్దె తక్కువని 1 జీబీ మెమరీ ఉన్న సర్వర్ తీసుకోవడం. కోహా అంటే ఒక్క ప్రోగ్రాం కాదు కదా, కింద డేటాబేసుకి మరియాడీబీ, వెతకడానికి జీబ్రా, వెబ్ పేజీలకి అపాచీ, దాని వెనక పేజీల్ని వేగంగా అందించే ప్లాక్, ఇంకా తరచూ వాడే డేటాని మెమరీలో ఉంచే మెమ్‌క్యాష్డ్, వెనకాల చేసే పనుల్ని వరుసలో పెట్టే ర్యాబిట్‌ఎంక్యూ, ఇంతమంది ఆ చిన్న గదిలో సర్దుకోవాలి. పైగా క్లౌడ్ సర్వర్లలో చాలావాటికి స్వాప్ (మెమరీ చాలనప్పుడు డిస్కులో వాడుకునే చోటు) మనం పెట్టుకుంటే తప్ప ఉండదు. మెమరీ అయిపోగానే లైనక్స్ అన్నిటికంటే ఎక్కువ తింటున్నవాడిని చూసి చంపేస్తుంది, అది మా దగ్గర ప్రతిసారీ డేటాబేసే అయ్యింది. కౌంటర్ ముందు క్యూ, తెర మీద ఎర్రర్, టెన్షన్ మాకు. 4 జీబీకి మారి, కొంచెం స్వాప్ పెట్టాక మళ్లీ ఆ గోల లేదు. ప్లాక్ ఆన్ చేయకుండా కోహా స్లో అని తిట్టేవాళ్లు ముందు అది ఆన్ చేసి చూడండి, పేజీలు తెరుచుకునే తీరే మారిపోతుంది.

రెండోది మెయిళ్లు. గడువు దాటిన పుస్తకాల నోటీసులు కోహాలో 'పంపాం' అనే చూపిస్తున్నాయి, సభ్యులేమో ఏమీ రాలేదంటారు. రెండు వారాలు వాళ్లే చూసుకోవట్లేదనుకున్నాం, పాపం. తీరా చూస్తే సర్వర్లోని మెయిల్ ప్రోగ్రాం దగ్గర గుట్టగా పడి ఉన్నాయి. స్పామ్ భయంతో క్లౌడ్ కంపెనీలు చాలావరకు 25వ పోర్టు, అంటే సర్వర్ల మధ్య మెయిళ్లు వెళ్లే దారి, మూసేసి ఉంచుతాయట, మేం అద్దెకు తీసుకున్నవాళ్లు ఆ సంగతి ఎక్కడో సహాయం పేజీ అడుగున రాశారు. విడిగా మెయిల్ సర్వీసు పెట్టుకుని 587 పోర్టు ద్వారా పంపాక సమస్య తీరింది.

సర్వర్ గడియారం మామూలుగా యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఉంటుంది, మొదటిరోజే మన టైమ్‌కి మార్చుకోండి, లేకపోతే గంటల లెక్కన ఇచ్చే పుస్తకాల గడువులు గందరగోళం. తెలుగు పేర్లు వెతికితే సరిగ్గా దొరక్కపోతే జీబ్రాని ఐసీయూ అనే, అన్ని భాషల లిపుల్నీ అర్థం చేసుకునే పద్ధతికి మార్చి ఇండెక్సు మొత్తం మళ్లీ కట్టించాలి. సిబ్బంది లాగిన్ పేజీని లోకమంతటికీ తెరిచి పెట్టకుండా ఫైర్‌వాల్‌లో మన ఇంటర్నెట్ (ఐపీ) చిరునామాలకే పరిమితం చేయడం మంచిది.

ఈ మధ్య కొత్త బెడద బాట్లు, అంటే వెబ్‌సైట్లని తమంతట తామే తిరిగేసే ప్రోగ్రాములు. కేటలాగు బయటికి కనిపించాలి కదా, అదే వాటికి పండగ. ఒక వెతుకులాట ఫలితంలో రచయిత, విషయం, భాష అంటూ లింకులు పదులకొద్దీ ఉంటాయి, వాటిలో ప్రతిదాన్నీ నొక్కుకుంటూ పోతే అంతు ఉండదు. ఇక్కడికి రావొద్దని బాట్లకి చెప్పే రోబోట్స్ ఫైలు పెడితే మర్యాద ఉన్నవి వింటాయి, మిగతావి పట్టించుకోవు. ఒక రోజు లైబ్రరీకి సెలవు, మనిషి జాడ లేదు, సర్వర్ మాత్రం నిండా మునిగిపోయి ఉంది. ఒకే చోటి నుంచి ఎంత వేగంగా పేజీలు అడగొచ్చో పరిమితి పెట్టుకోక తప్పలేదు.

ఇక ఆ తెలివితక్కువతనం. కోహా రోజూ తనంతట తనే బ్యాకప్ తీస్తుంది కదా అని నిశ్చింతగా ఉన్నాం. తీస్తుంది, నిజమే, కానీ అదే సర్వర్లో అదే డిస్కు మీద పెడుతుంది, అదీ కొద్ది రోజులవే. ఆర్నెల్లకోసారి, మే, నవంబరుల్లో వచ్చే కొత్త వెర్షన్లలో ఒకదానికి మారుతూ మా చేతులతో మేమే డిస్కు చెడగొట్టుకున్నప్పుడు ఇది తెలిసింది. అదృష్టం కొద్దీ ఒకాయన అంతకు మూడు రోజుల ముందు తన కంప్యూటర్లోకి ఒక కాపీ దించుకుని ఉన్నాడు. మూడు రోజుల ఇష్యూలు మళ్లీ నోటుబుక్కు చూసి, సభ్యులకి ఫోన్లు చేసి ఎక్కించాం.

బల్ల కింద పాత కంప్యూటర్ని పారేయలేదు. ఇప్పుడు రోజూ రాత్రి క్లౌడ్ నుంచి బ్యాకప్ దాంట్లోకే దిగుతోంది.