ఇగ్నో ఎం.ఏ.: పుస్తకాలు భేష్, కేలెండరు మాత్రం మనమే వేసుకోవాలి

ఉద్యోగం చేసుకుంటూ ఎం.ఏ. చదవాలనుకునేవాళ్లు ఇగ్నో (ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం) ప్రాస్పెక్టస్ తెరవగానే ముందు ఫీజు పట్టిక చూస్తారు. ముందు చూడాల్సింది క్రెడిట్లు. అక్కడ ఒక క్రెడిట్ అంటే 30 గంటల చదువు. పాఠం చదవడం, సందేహాలు తీర్చే కౌన్సెలింగ్ క్లాసు, అసైన్‌మెంట్ రాయడం, అన్నీ కలిపే ఆ 30. ఏడాదికి నాలుగు పేపర్లు, 32 క్రెడిట్లున్న ఎం.ఏ. తీసుకుంటే 960 గంటలు. 52 వారాలకు పంచితే వారానికి పద్దెనిమిదిన్నర గంటలు పడుతుంది. పండగలు, పెళ్లిళ్లు, జ్వరాలు, ఆఫీసులో మార్చి నెల హడావిడి తీసేస్తే మిగిలేది 40 వారాలనుకోండి, అప్పుడు వారానికి 24 గంటలు. అంటే రోజూ రెండు గంటలు, ఆదివారం పన్నెండు. ఈ లెక్క ముందే వేసుకుని, కుదరదనిపిస్తే మొదటి ఏడాది పరీక్షలకు సగం పేపర్లే రాయాలని నిర్ణయించుకోవడంలో నష్టం లేదు. రెండేళ్ల ఎం.ఏ.కి గరిష్ఠంగా నాలుగేళ్ల గడువుంది. లెక్క వేయకుండా నాలుగు పేపర్లకూ పరీక్ష ఫీజు కట్టి రెండింటికే వెళ్లడం అనవసరపు ఖర్చు.

పుస్తకాల విషయంలో ఇగ్నోకి పూర్తి మార్కులు ఇవ్వాలి. దీని వెనక మన ప్రాంతపు అనుభవం ఉంది. 1982లో హైదరాబాదు కేంద్రంగా పెట్టిన ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం దేశంలో మొదటిది. ఇప్పుడది డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. దాని మొదటి వైస్ ఛాన్సలర్ జి. రామ్‌రెడ్డే 1985లో ఇగ్నోకి కూడా మొదటి వైస్ ఛాన్సలర్ అయ్యారు. ఎదురుగా మాస్టారు లేకపోయినా పాఠం దానంతట అదే బోధపడాలన్న పట్టుదల ఆ పుస్తకాల కట్టుబడిలో కనిపిస్తుంది. పేపరును బ్లాకులుగా, బ్లాకును యూనిట్లుగా విడగొడతారు. యూనిట్ మొదట్లో ఏం నేర్చుకోబోతున్నామో, మధ్యలో మనల్ని మనం పరీక్షించుకునే ప్రశ్నలు, చివర వాటి జవాబులకు సూచనలు ఉంటాయి. చాలామంది ఆ మధ్య ప్రశ్నలు దాటేస్తారు. దాటకూడదు. పరీక్షలో వచ్చే చిన్న ప్రశ్నలకు చాలాసార్లు వాటి పోలికే ఉంటుంది.

ఈ పుస్తకాలు దాదాపు అన్నీ ఇగ్నో డిజిటల్ గ్రంథాలయం ఈ-జ్ఞాన్‌కోశ్‌లో పీడీఎఫ్‌లుగా ఉచితంగా దొరుకుతాయి. కాబట్టి చేరకముందే ఏదో ఒక పేపరులో రెండు యూనిట్లు దించుకుని చదివి చూడండి. ఆ ఇంగ్లీషు మనకు కొరుకుడుపడుతుందో లేదో అక్కడే తేలిపోతుంది. అచ్చు పుస్తకాలు వద్దు, సాఫ్ట్ కాపీ చాలు అంటే ప్రోగ్రాం ఫీజులో 15 శాతం తగ్గిస్తారు. కానీ 8 క్రెడిట్ల పేపర్లకు అచ్చు పుస్తకమే మేలు. నెలల తరబడి ఫోను తెరమీద చదివితే గుర్తుండేది తక్కువ, పైగా ప్రింట్లు తీయించే ఖర్చు ఆ తగ్గింపును మింగేస్తుంది. పుస్తకాల్లో ఒక లోపం కూడా చెప్పాలి. కొన్ని యూనిట్లు పాతవి. బ్లాకు మొదటి పేజీల్లో అచ్చయిన సంవత్సరం ఉంటుంది, చూసుకోండి. సిద్ధాంతాల పాఠానికి పాత ముద్రణైనా ఇబ్బంది లేదు. చట్టాలు, గణాంకాలు, ప్రభుత్వ పథకాలున్న పాఠమైతే తాజా సమాచారం మనమే చేర్చుకోవాలి.

ఇక అసలు బలహీనత. ఇగ్నోలో పుస్తకాలు, అసైన్‌మెంట్లు, పరీక్ష ఫారం, రీ-రిజిస్ట్రేషన్ (తర్వాతి ఏడాదికి ఫీజు కట్టి నమోదవడం) అనే నాలుగు పనులు నాలుగు గడియారాల మీద నడుస్తాయి. వాటిని కలిపి చెప్పే క్లాస్ టీచరు లేరు. ఒకటి పూర్తిచేస్తే రెండోది దానంతట అది జరగదు. అసైన్‌మెంట్ ఇచ్చినా పరీక్ష ఫారం నింపకపోతే హాల్ టికెట్ రాదు. పరీక్ష రాసినా రీ-రిజిస్ట్రేషన్ చేయకపోతే రెండో ఏడాది మొదలవదు. జులైలో చేరినవాళ్లకు మొదటి పరీక్ష తర్వాతి జూన్‌లో. దాని ఫలితాలు వచ్చేలోపే రెండో ఏడాది రీ-రిజిస్ట్రేషన్ గడువు నడుస్తుంటుంది. ‘ఫలితాలు చూసి కడదాం’ అని కూర్చున్నవాళ్లు ఒక సెషన్ (చేరికల విడత) పోగొట్టుకుంటారు. పాస్, ఫెయిల్‌తో దానికి సంబంధం లేదు, కట్టేయాలి.

కాబట్టి చేరిన వారంలోనే గోడ కేలెండరు మీద ఈ నాలుగూ రాసుకోవాలి. జూన్ పరీక్షలు రాసేవాళ్లకు అసైన్‌మెంట్ గడువు మామూలుగా మార్చి 31, డిసెంబరు పరీక్షలకైతే సెప్టెంబరు 30. తరచుగా పొడిగిస్తుంటారు నిజమే, కానీ ఆ పొడిగింపును నమ్ముకుని రాయడం మొదలుపెట్టకూడదు. ఆలస్యంగా ఇచ్చిన కాగితాలు ఆలస్యంగానే దిద్దుతారు, మార్కులూ ఆలస్యంగానే ఎక్కుతాయి. జనవరి నెలాఖరుకు రాయడం ముగించి, ఫిబ్రవరిలో ఇచ్చేసి, మార్చి నుంచి పరీక్షకు చదవడం మంచి ప్రణాళిక.

అసైన్‌మెంట్‌ను చిన్న పనిగా చూసేవాళ్లకు దాని పరిమాణం తెలియదు. పొలిటికల్ సైన్స్ ఎం.ఏ. తరహా పేపరులో ఐదు ప్రశ్నలు, ఒక్కోదానికి సుమారు 500 పదాలు, 20 మార్కులు. నాలుగు పేపర్లకు 20 జవాబులు, పదివేల పదాలు. అంతా చేతిరాతే. పేజీకి 150 పదాల లెక్కన అరవై, డెబ్బై పేజీలు. చివరి వారంలో అయ్యే పని కాదిది.

దీనికి 30 శాతం వెయిటేజీ, పరీక్షకు 70. ఎం.ఏ.లో రెండింటిలోనూ విడివిడిగా 40 శాతం రావాలి. అసైన్‌మెంట్‌లో 80 తెచ్చుకుంటే అందులోంచి 24 వస్తాయి. మొత్తం 60 శాతంతో ఫస్ట్ డివిజన్ కావాలంటే అప్పుడు పరీక్షలో 52 చాలు. అసైన్‌మెంట్‌లో 50తో సరిపెట్టుకుంటే వచ్చేవి 15, పరీక్షలో 65 తేవాలి. ఇంట్లో పుస్తకం ముందు పెట్టుకుని తెచ్చుకోగల మార్కులను వదిలేసి పరీక్ష హాల్లో మూడు గంటల్లో సంపాదించాలని చూడడం తెలివైన బేరం కాదు. జిరాక్సు షాపుల్లో, వాట్సాప్ గ్రూపుల్లో అమ్మే రెడీమేడ్ జవాబులు కొనడం మరీ అన్యాయం. ఒకే జవాబు పదిమంది కాగితాల్లో కనిపిస్తే తిప్పి పంపే అధికారం ఇగ్నోకి ఉంది. అంతకన్నా పెద్ద నష్టం, పరీక్షకు కావాల్సిన చేతి అలవాటే రాకపోవడం.

కాగితాలు వెనక్కి రావడానికి ఎక్కువ కారణాలు చదువుకు సంబంధించినవి కావు. పాత సెషన్ ప్రశ్నపత్రానికి జవాబులు రాయడం మొదటిది. సెషన్ మారితే ప్రశ్నలూ మారతాయి, కాబట్టి ప్రశ్నపత్రం పైన ఉన్న సెషన్ మనదేనా అని చూసుకోవాలి. పై పేజీలో ఎన్‌రోల్‌మెంట్ నంబరు, ప్రోగ్రాం కోడ్, పేపరు కోడ్, స్టడీ సెంటర్ కోడ్ ఏది తప్పినా మార్కులు ఎక్కడో ఇరుక్కుంటాయి. ఏ పేపరుకాపేపరు వేరుగా కుట్టి, ఇచ్చేముందు ప్రతి పేజీ ఫోటో తీసుకుని, స్టడీ సెంటర్లో రసీదు తీసుకోండి. ఆరునెలల తర్వాత గ్రేడ్ కార్డులో ఆ గడి ఖాళీగా కనిపిస్తే రీజినల్ సెంటర్లో మాట్లాడేది ఆ రసీదే. అసైన్‌మెంట్ పాసై పరీక్ష పోతే పరీక్ష ఒక్కటే మళ్లీ రాస్తే చాలు, ఆ మార్కులు పోవు.

పరీక్ష ఫారం నింపేముందు తాత్కాలిక టైంటేబుల్ పక్కన పెట్టుకోవాలి. ఉదయం 10 నుంచి, మధ్యాహ్నం 2 నుంచి రెండు విడతలు. మిగిలిపోయిన పాత పేపరు, కొత్త ఏడాది పేపరు ఒకే రోజు ఒకే విడతలో పడితే ఒకటి వదులుకోక తప్పదు. ఫీజు కట్టాక గమనిస్తే ప్రయోజనం లేదు.

స్టడీ సెంటర్ల విషయంలో పెద్ద ఆశలు పెట్టుకోవద్దు. కౌన్సెలింగ్ క్లాసులు ఎక్కువగా ఆదివారాలు, సెలవుల్లో ఉంటాయి. అవి సందేహాలు తీర్చడానికే, కాలేజీలోలా మొదటి నుంచి పాఠం చెప్పడానికి కాదు. తక్కువమంది చేరిన సబ్జెక్టుకు అసలు క్లాసులే ఉండకపోవచ్చు. అందుకే క్లాసుల కోసమని కాక, అసైన్‌మెంట్ ఇవ్వడానికి సులువుగా వెళ్లిరాగల సెంటర్ని ఎంచుకోండి. తెలుగు రాష్ట్రాల్లో రీజినల్ సెంటర్లు హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నాల్లో ఉన్నాయి.

చేరేముందు చేయాల్సిన కాగితాల పనిలో మనవాళ్లకు ప్రత్యేకంగా ఒక చిక్కుంది. దూరవిద్యలో చేరాలంటే ఇప్పుడు డిజీలాకర్ ద్వారా ఏబీసీ ఐడీ (విద్యార్థి క్రెడిట్ల ఖాతా నంబరు), దానితో యూజీసీ దూరవిద్య విభాగం వారి డీఈబీ ఐడీ తీసుకోవాలి. రెండూ ఆధార్ పేరును పట్టుకుని నడుస్తాయి. మన పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంటుంది, లేదా ఇంటిపేరు చివరికి వెళ్లిపోయి ఉంటుంది. పెళ్లయ్యాక మారిన ఇంటిపేరుది ఇంకో తంటా. ఈ తేడా అడ్మిషన్ చివరి వారంలో బయటపడితే ఆధార్ సవరణకు టైం చాలదు. రెండు నెలల ముందే మెమో ప్రకారం ఆధార్ సరిచేయించుకోవాలి. చిరునామాలో పిన్‌కోడ్ కూడా సరిచూడండి, పుస్తకాలు పోస్టులో వచ్చేది దానికే.

తెలుగు మీడియంలో డిగ్రీ చేసినవాళ్లు భాష సంగతి నిజాయితీగా ఆలోచించుకోవాలి. ఇగ్నోలో ఎక్కువ ప్రోగ్రాములకు పుస్తకాలు, జవాబులు ఇంగ్లీషు లేదా హిందీలోనే. తెలుగులో డిగ్రీ చదవాలంటే అంబేడ్కర్ సార్వత్రికమే సరైన చోటు. రాష్ట్ర విశ్వవిద్యాలయాల దూరవిద్య వాటి పరిధి దాటి నడవకూడదు గనక, మీ జిల్లాకు వర్తిస్తుందో లేదో ఆ ఏడాది ప్రకటనలో చూసుకోండి. ఇగ్నోలోనే చేరతామంటే ఒక పద్ధతి బాగా పనిచేస్తుంది. అదే అంశం మీద తెలుగు అకాడమీ డిగ్రీ పుస్తకం ముందు చదివి, తర్వాత ఇగ్నో యూనిట్ తెరవండి. విషయం అప్పటికే తెలిసి ఉంటుంది కాబట్టి ఇంగ్లీషు భయపెట్టదు. సార్వభౌమత్వం, సావరెన్టీ అని పక్కపక్కన రాసుకుంటూ యూనిట్‌కు ఇరవై మాటల చొప్పున నోటుబుక్కు పెట్టుకుంటే మొదటి అసైన్‌మెంట్ నాటికి సొంతంగా వాక్యం నడుస్తుంది.

విలువ గురించి అడిగేవాళ్లకు: యూజీసీ గుర్తింపు ఉన్న దూరవిద్య డిగ్రీ రెగ్యులర్ డిగ్రీతో సమానమని యూజీసీ 2022లో మళ్లీ స్పష్టం చేసింది. అదే ఏడాది నుంచి రెగ్యులర్ డిగ్రీతోపాటు దూరవిద్యలో ఇంకొకటి చదవడానికీ వీలిచ్చింది. ఇంజినీరింగ్, వైద్యం, ఫార్మసీ, లా డిగ్రీలు మాత్రం దూరవిద్యలో ఇవ్వకూడదు. అలాంటివి ఇప్పిస్తామనే కన్సల్టెన్సీకి ఒక్క రూపాయి కూడా కట్టవద్దు.

ప్రాజెక్టు ఉన్న ప్రోగ్రాముల్లో మొదటి మెట్టు సినాప్సిస్, అంటే ఏం చేయబోతున్నామో చెప్పే ప్రతిపాదన. గైడ్ దొరికాడు కదా అని నివేదిక రాసేసి తర్వాత సినాప్సిస్ పంపేవాళ్లున్నారు. ఆమోదం లేకుండా రాసిన నివేదిక తిరిగొస్తుంది, పని మళ్లీ మొదటికొస్తుంది. ఆమోదించిన సినాప్సిస్, గైడ్ సంతకం చేసిన ధ్రువపత్రం, రెండూ నివేదికలో కలిపి బైండింగ్ చేయించాలి. అందుకే రెండో ఏడాది పుస్తకాలు ఇంటికి చేరిన నెలలోనే, పాఠాలకన్నా ముందు, గైడ్ కోసం వెతకడం మొదలుపెట్టండి.