మహి కోసం డౌన్‌రిగ్గర్ కొనమని ఎవరైనా చెబితే దయచేసి ఆగండి

కోపం ఇంకా తగ్గలేదు, రాతలో తప్పులుంటే సర్దుకోండి. నిన్న సాయంత్రం ఒడ్డుకొచ్చాను, వచ్చీ రాగానే నాకు డౌన్‌రిగ్గర్ (తీగకి బరువు గుండు కట్టి ఎరని లోతుకి దించే సాధనం) అమ్మినతనికి ఫోన్ చేశాను, రాత్రంతా నిద్ర లేదు. ట్రోలింగ్ (నడిచే పడవ వెనక ఎరలు లాగుతూ చేసే వేట) సామాను ఆన్‌లైన్‌లో కొనేవాళ్లకి అతనెవరో ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది, పేరు మాత్రం రాయను.

మహి-మహి అనే సముద్రపు చేప కోసం మొదటిసారి దూర సముద్రానికి వెళ్తున్నాను, లూర్లు (చేపని ఆకర్షించే కృత్రిమ ఎరలు) ఎంత లోతున లాగాలి అని అతన్నే అడిగాను. "మహి దొరికేది లోతు సముద్రంలోనే కదండీ, పైపైన లాగితే చిన్నవే పడతాయి, పెద్దవన్నీ 60 అడుగుల కింద ఉంటాయి" అని చాట్‌లో రాశాడు. డౌన్‌రిగ్గర్, దానికో బరువు గుండు, లోతుకి దిగే లూర్లు, మొత్తం సెట్టు అంటగట్టాడు. 7 నాట్ల వేగంలో కూడా గుండు నిలువుగా దిగుతుందన్నాడు. పైన లాగే స్కర్ట్ లూర్లు (కుచ్చులున్న ఎరలు) కూడా తీసుకుంటానంటే, అనవసరం అన్నాడు. సముద్రం అడుగు ఎంత లోతున ఉందనేది వేరు, చేప ఎంత లోతున ఈదుతోందనేది వేరు. ఈ చిన్న సంగతి నాకు తట్టలేదు. కింద 600 అడుగుల నీళ్లున్నా మహి ఎక్కువగా తిరిగేది నీటి పైభాగంలోనే.

సముద్రంలో జరిగింది చెప్తాను. నీళ్ల రంగు మారే గీత దగ్గర తేలే నాచు వరస దొరికింది, ఇంతకంటే మంచి చోటు ఉండదు. 7 నాట్ల మీద లాగుతుంటే, ఎంత తీగ వదిలామో చూపే మీటరు 60 అడుగులు చూపిస్తోంది, తీగ మాత్రం నిలువుగా లేదు, దాదాపు 60 డిగ్రీలు వెనక్కి వాలిపోయింది. ఆ లెక్కన గుండు ఉన్నది 30 అడుగుల్లోనే. పడవ వేగం రెట్టింపైతే నీరు గుండుని వెనక్కి నెట్టే బలం నాలుగింతలవుతుంది, మరి వాలక ఏం చేస్తుంది? లూర్లు సరిగ్గా ఈదలేక పల్టీలు కొడుతున్నాయి. సరేనని 3 నాట్లకి తగ్గించాను. గుండు దిగింది, కానీ అక్కడ చేపే లేదు.

అప్పుడు కనిపించింది గుంపు. పడవ పక్కనే, నీటి పైనే, ఎగిరే చేపల్ని తరుముతూ. ముందున్నది పెద్ద మగది, నుదురు గోడలా నిటారుగా, ఒళ్లంతా బంగారు పచ్చ, వీపు మీద నీలం రెక్క. నా లూర్లన్నీ కింద ఉన్నాయి. పైన వెయ్యడానికి చేతిలో ఒక్కటంటే ఒక్కటి లేదు. గుండు పైకి చుట్టేలోపు గుంపు వెళ్లిపోయింది.

ఇదంతా భరించేవాణ్ణే. ఫోన్‌లో ఇదే చెప్తే అతనన్న మాట వినండి: "మహికి ఎవరైనా అంత లోతు దించుతారా? అది పైనుండే చేప అని చిన్నపిల్లలకి కూడా తెలుసు." తనే రాసిన మాట చదివి వినిపించాను. "అది జనరల్‌గా చెప్పింది. బాక్స్ తెరిచారు, రిటర్న్ ఉండదు. ముందు పడవ నడపడం నేర్చుకోండి" అని కట్ చేశాడు. అంటే తెలిసే అమ్మాడు. నా చేత కొనిపించేటప్పుడు కూడా అతనికి ఆ సంగతి తెలుసు. నిన్నటి నుంచి ఆ ఒక్క మాటే చెవిలో తిరుగుతోంది. నెలల తరబడి దాచుకున్న డబ్బు అది. వస్తువు అమ్మేవాణ్ణే సలహా అడిగాను, ఆ తప్పు నాదే, ఒప్పుకుంటాను.

కొనబోయేవాళ్లకి రెండు ముక్కలు. మహికి ముందు పైన లాగే లూర్లు కొనుక్కోండి, నాచు, తేలే దుంగలు, రంగు మారే గీతల వెంట లాగండి. ఒక లైను కాస్త కిందకి ఉండాలనుకుంటే చిన్న ప్లానర్ (లైనుని నీటి కిందకి లాగే పలక) చాలు. డౌన్‌రిగ్గర్ నెమ్మదిగా లాగే వేటకి పనికొస్తుంది, దీనికి కాదు. ఏ వేగంలో ఎంత లోతుకి దిగుతుందో రాతపూర్వకంగా అడగండి, చాట్ చెరపకండి.

నా చాట్ మొత్తం స్క్రీన్‌షాట్లు తీసి పెట్టాను, కార్డు ఇచ్చిన బ్యాంకుకి ఈ ఉదయమే ఫిర్యాదు పంపాను. ఇదే సెట్టు ఇదే మాట చెప్పి మీకూ అమ్మి ఉంటే నాకు రాయండి, మీ చాట్ కూడా దానికి జతచేస్తాను.