ఎస్సై మామయ్య స్మృతి సంచిక: చిక్కడపల్లి ముద్రణాలయం పనితనం

చిన్న పట్టణంలో సబ్ ఇన్‌స్పెక్టర్‌గా పనిచేస్తూ, పొలం గట్టు తగాదాలతో వచ్చిన అన్నదమ్ములను స్టేషన్ అరుగు మీదే కూర్చోబెట్టి, టీ తాగించి రాజీ కుదిర్చి పంపిన మా మేనమామ సంవత్సరీకానికి స్మృతి సంచిక వేయించాలనుకుని, హైదరాబాదులోని చిక్కడపల్లిలో ఒక ముద్రణాలయానికి ఆ పని అప్పగించాము. ప్రతులు 150 మాత్రమే కనుక ప్లేట్ల ఖర్చుండే ఆఫ్‌సెట్ అనవసరమని, డిజిటల్ ముద్రణ చాలునని యజమాని తానే చెప్పడం నాకు నచ్చింది.

వెలిసిపోయిన ఫోటోలను బాగుచేసిన తీరు నిజంగా మెచ్చదగినది. భుజం మీది రెండు నక్షత్రాలు, ఎరుపు నీలం పట్టీ స్పష్టంగా తేలాయి. అయితే ముఖాన్ని మరీ నునుపు చేసి బుగ్గ మీది గాటును చెరిపేశారు. ఆ గాటు లేని మామయ్యను ఊళ్లో ఎవరు గుర్తుపడతారు? అడిగిన మర్నాడే సరిచేసి ఇచ్చారు.

అక్షరాల విషయంలోనే అసంతృప్తి మిగిలింది. లద్దాఖ్‌లోని హాట్ స్ప్రింగ్స్ వద్ద 1959లో నేలకొరిగిన 10 మంది పోలీసులను తలచుకుంటూ మామయ్య ఏటా అక్టోబరు 21న ఒంటిపూట భోజనం చేసేవారని రాస్తే, ఆ సంవత్సరాన్ని 1995గా కూర్చి, ప్రూఫులో రెండుసార్లు దిద్దినా అలాగే అచ్చువేశారు. ఫోటోల పనికైతే మళ్లీ అక్కడికే వెళ్తాను.