గ్లో ఇంజిన్‌లో ఆముదం: ఏళ్ల తరబడి వాడాక

గ్లో ఇంజిన్ (మిథనాల్ మీద నడిచే చిన్న మోడల్ విమానం ఇంజిన్) లోపలి భాగాలు అరగకుండా ఇంధనంలో కలిపే నూనె ఆముదమా, సింథటిక్ ఆయిలా అన్న వాదన విమానాల మోడళ్లు ఎగరేసేవాళ్ల మధ్య ఎప్పటికీ తెగదు. నేను ఆముదం పక్షం. మిథనాల్‌లో నూటికి ఇరవై పాళ్లు ఆముదం కలిపి నా పాత కంట్రోల్ లైన్ (చేతిలోని హ్యాండిల్‌కి తీగలతో కట్టి గుండ్రంగా ఎగరేసే విమానం) ఇంజిన్‌ని ఏళ్ల తరబడి నడుపుతున్నాను. ఇంధనంలో నైట్రో (నైట్రోమీథేన్) ఎంత, ప్లగ్ ఏది అన్నవి అందరికీ తెలిసినవే కాబట్టి వదిలేస్తాను. ఇంధనం సరిగ్గా అందక ఇంజిన్ మాడిపోబోయే క్షణంలో ఆముదం దాన్ని ఎలా కాచిందో, అది మాత్రం చెప్పి తీరాలి.

మంచి ఎండలో ఎగరేస్తున్నాం. విమానం లేచిన కాసేపటికే, సైలెన్సర్ నుంచి ట్యాంకుకు వచ్చి ఇంధనాన్ని ఇంజిన్‌లోకి నెట్టే ప్రెషర్ ట్యూబ్ ఊడిపోయి, ఇంధనం తగ్గింది. ఆ సంగతి ముందు చెవికే తెలిసింది. బొంగురుగా నడుస్తున్న ఇంజిన్ ఒక్కసారిగా కీచుమని అరిచి, ఆ తర్వాత స్పీడు తగ్గుతూ వచ్చింది. వెనకాల పొగ కూడా పలచబడిపోయింది. రేడియో రిమోట్‌తో నడిపే విమానమైతే థ్రాటిల్ తగ్గించి దింపేయొచ్చు. మనకి చేతిలో ఉన్నది హ్యాండిల్, రెండు స్టీలు తీగలు. ట్యాంకు ఖాళీ అయితే తప్ప ఇంజిన్ ఆగదు. దాని వెంట గుండ్రంగా తిరుగుతూ ఆ అరుపు వింటుంటే టెన్షన్ అంతా ఇంతా కాదు.

దిగాక హెడ్ మీద చెయ్యి పెట్టలేకపోయాం. చల్లారాక ప్రొపెల్లర్ తిప్పి చూస్తే తేలిగ్గానే తిరిగింది. అయినా నమ్మకం కుదరక ఇంటికెళ్లి విప్పాను. పిస్టన్‌ని తేనె రంగు పొర ఒకటి నున్నగా పట్టుకుని ఉంది. నిలువు గీత ఒక్కటీ లేదు. కనెక్టింగ్ రాడ్ వదులు కాలేదు. ఒట్టి సింథటిక్ మీద నడిచిన మిత్రుడి ఇంజిన్ ఇలాగే ఇంధనం అందక బిగుసుకుపోయినప్పుడు పిస్టన్ నిండా గీతలే. అంత వేడికి చాలా సింథటిక్ నూనెలు కాలి ఎగిరిపోతాయి. ఆముదం ఇంకా చిక్కబడి లోహాన్ని అంటిపెట్టుకుంటుంది.

మొదటి ప్రపంచ యుద్ధం నాటి రోటరీ ఇంజిన్లు, అంటే నోమ్, లె రోన్, సాప్‌విత్ కేమెల్‌కి బిగించిన క్లెర్జే లాంటివి, ఆముదం మీదే నడిచాయి. వాటిలో క్రాంక్‌షాఫ్ట్ కదలదు, సిలిండర్లే ప్రొపెల్లర్‌తో పాటు గిర్రున తిరుగుతాయి. పెట్రోల్, గాలి బోలు క్రాంక్‌షాఫ్ట్ గుండా క్రాంక్‌కేస్‌లోకి వస్తాయి కాబట్టి, మామూలు ఖనిజ నూనె వేస్తే పెట్రోల్ దాన్ని కరిగించి కడిగేస్తుంది. ఆముదం పెట్రోల్‌లో అంత సులువుగా కలవదు. పని చేశాక మళ్లీ వాడుకోవడమూ లేదు, పొగతో పాటు బయటికి పోయి పైలట్ మొహాన పడేది. మన చిన్న ఇంజిన్‌లోనూ ఇంధనం బోలు క్రాంక్‌షాఫ్ట్ గుండానే వస్తుంది. కాకపోతే ఇక్కడ ఆముదం మిథనాల్‌లో పూర్తిగా కరిగి, దానితో పాటే లోపలికెళ్లి ప్రతి మూలకీ చేరుతుంది. ఆ ఇంజిన్లకి కలవకపోవడం వల్ల పనికొచ్చిన నూనె మనకి కలవడం వల్ల పనికొస్తోంది. ఇది నాకు ఇప్పటికీ ముచ్చటగానే ఉంటుంది.

ఆముదం ఉంటే ఇంజిన్‌కి తిరుగులేదని మొదట్లో అందరికీ చెప్పేవాణ్ణి. ఇప్పుడు అంత గట్టిగా చెప్పను. పిస్టన్‌ని కాపాడిన ఆ పొరే రోజులు గడిచేకొద్దీ వార్నిష్‌లా గట్టిపడుతుంది. వానాకాలమంతా అటక మీద ఉంచిన ఇంజిన్‌ని దించితే ప్రొపెల్లర్ కదలదు. బలవంతంగా తిప్పకుండా హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేస్తే జిగట వదులుతుంది. రెక్కల మీద పడ్డ నూనెని అదే సాయంత్రం సబ్బు నీళ్లతో తుడవాలి, లేకపోతే దుమ్ము పేరుకుపోతుంది.

అందుకే బాల్ బేరింగులున్న నా కొత్త ఇంజిన్‌కి సగం ఆముదం, సగం సింథటిక్ కలుపుతున్నాను. పాత ఐరన్ పిస్టన్ ఇంజిన్‌కి మాత్రం పూర్తిగా ఆముదమే. నాది ఫుల్ స్పీడు మీదే సాగే కంట్రోల్ లైన్, వారానికోసారి ఎగరేస్తాను, శుభ్రం చేసుకునే ఓపిక ఉంది. థ్రాటిల్ తగ్గించి ఐడిల్‌లో ఎక్కువసేపు నడిపే రేడియో విమానాలవాళ్లకి ఇంత ఆముదం నప్పకపోవచ్చు.

కొనేటప్పుడు తలకి రాసుకునే వంటాముదం తీసుకోకండి. అందులో తేమ, మడ్డి ఉంటాయి. లేత రంగులో తేటగా ఉండే ఫస్ట్ స్పెషల్ గ్రేడ్ అని అడగండి.