ముందు అన్నీ అడిగి, తర్వాతే రేటు చెప్పే షాపు

హనుమకొండ చౌరస్తా దగ్గర మొదటి అంతస్తులో ఒక చిన్న కంప్యూటర్ అసెంబ్లింగ్ షాపు ఉంది. మా అక్క కొడుకు ఇంజనీరింగ్‌లో చేరినప్పుడు వాడికి పీసీ అక్కడే చేయించాం, నాకు బాగా నచ్చింది. కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాద్‌లో సీటీసీ అనే కంప్యూటర్ మార్కెట్‌కు పోతే రేటు కొంత తగ్గొచ్చు, కాదనను. కానీ రేపు ఏదైనా పాడైతే డబ్బా మోసుకుని మళ్ళీ అంత దూరం పోవాలి.

మావాడు పోగానే "అన్నా, గేమింగ్ పీసీ ఎంతైతది?" అన్నాడు. షాపాయన రేటు చెప్పలేదు. "దాని మీద ఏమేం చేస్తవ్ తమ్మీ? ఏ గేములు ఆడతవ్? మానిటర్ ఉన్నదా, అది కూడా కొనాల్నా? మొత్తం ఎంతల కావాలె?" అని ఒక్కొక్కటే అడుగుతూ బిల్లు బుక్కు వెనక రాసుకున్నాడు. కోడింగ్, కాలేజీ ప్రాజెక్టులు, అప్పుడప్పుడు వాలరెంట్, కొద్దిగా వీడియో ఎడిటింగ్, ఇంట్లో 60 హెర్ట్జ్ మానిటర్ ఉంది. ఈ కాస్త సమాచారంతోనే లెక్కంతా మారిపోయింది. ఆ మానిటర్ సెకనుకు 60 ఫ్రేములకు మించి చూపించదు, వాలరెంట్ తేలికైన గేమ్, కాబట్టి ఇప్పుడే పెద్ద గ్రాఫిక్స్ కార్డు మీద డబ్బు పోయొద్దన్నాడు.

వాడి ఫోన్లో ఒక వీడియో చూసి రాసుకున్న లిస్టు ఉంది: రైజెన్ 5 5600, కార్డు తర్వాత కొంటాడట. ఆ ప్రాసెసర్‌కు లోపల గ్రాఫిక్స్ ఉండదు, కార్డు పెట్టేదాకా స్క్రీన్ మీద బొమ్మే రాదు. ఆ మాట ఆయన నవ్వకుండా, పిల్లవాణ్ణి చిన్నబుచ్చకుండా చెప్పాడు చూడండి, అందుకే ఇంత రాస్తున్నాను. 5600జీ తీసుకొమ్మన్నాడు, దాంట్లో గ్రాఫిక్స్ ఉంటుంది. ర్యామ్ కూడా ఒకటే 16 జీబీ కాకుండా 8 జీబీవి రెండు పెట్టించాడు, ఎందుకంటే లోపలి గ్రాఫిక్స్ వాడుకునేది ఈ ర్యామ్‌నే, రెండు చానళ్ళలో నడిస్తే గేమ్‌లో తేడా బాగా తెలుస్తుంది. ఎస్‌ఎంపీఎస్, అంటే లోపలి పార్టులకు కరెంటిచ్చే డబ్బా మాత్రం రేపు కార్డు పెట్టినా సరిపోయేటట్టు మంచి కంపెనీది వేశాడు. అక్కడ మిగుల్చుకుందామని చూడకండి.

ఇలాంటి మనిషి దగ్గర మనమూ పద్ధతిగా ఉండాలి. మేం కూర్చున్నప్పుడే ఒకతను చాలాసేపు సందేహాలడిగి, లిస్టంతా రాయించుకుని, ఫొటో తీసుకుని, మెట్ల మీదికి పోగానే ఇంకో షాపుకు ఫోన్ చేసి అదే చదువుతున్నాడు. లోపలికి అంతా వినిపిస్తూనే ఉంది. ఇది తప్పు. ఆన్‌లైన్‌లో తక్కువకు వస్తోందంటే ఆ మాటే ముందు చెప్పండి, ఈయన ఏమీ అనుకోడు, మీరు తెచ్చుకున్న పార్టులు కూడా బిగించి చార్జి తీసుకుంటాడు. అలాగే ఇంట్లో పాత పార్టులుంటే దాచకుండా చెప్పండి, వీలైతే ఫొటో చూపించండి. పాత డీడీఆర్4 రకం ర్యామ్ పెట్టుకుని, కొత్త రైజెన్‌లకు వచ్చే ఏఎం5 మదర్‌బోర్డు అడిగితే ఎలా? దానికి డీడీఆర్5 తప్ప ఇంకోటి ఎక్కదు.

రిపేరుకు కూడా అంతే. "ఆన్ అయితలేదన్నా" అని ఊరుకుంటే ఎవరు మాత్రం ఏం చెప్తారు? ఫ్యాన్ తిరుగుతోందా, అంతకుముందు ఏం మార్చారు, బోర్డు మీద సీపీయూ, డ్రామ్ (అంటే ర్యామ్), వీజీఏ (అంటే గ్రాఫిక్స్) అని చిన్న లైట్లుంటే వాటిలో ఏది వెలుగుతోంది, ఇవి చూసుకుని ఫోన్ చేయండి. కార్డు ఉన్నవాళ్ళయితే మానిటర్ కేబుల్ కార్డుకే పెట్టారా, బోర్డుకు పెట్టారా కూడా చూడండి.

లోపాలు లేకపోలేదు. వాట్సాప్‌లో జవాబు ఆలస్యంగా వస్తుంది. వెనక వైర్లు సరిగా సర్దలేదు, సైడ్ డోరు నెట్టి పెట్టాల్సి వచ్చింది. అన్నిటికంటే ముఖ్యంగా, బయోస్‌లో, అంటే బోర్డు సెట్టింగుల్లో, ర్యామ్‌ను పూర్తి స్పీడుతో నడిపించే ఎక్స్ఎంపీ ఆన్ చేయకుండానే ఇచ్చేశారు, 3200 స్పీడు ర్యామ్ 2400 మీద నడుస్తోంది. అంత జాగ్రత్తగా ర్యామ్ ఎంచి ఇచ్చిన షాపు చేయాల్సిన పని కాదిది. మావాడు టాస్క్ మేనేజర్‌లో స్పీడు కనిపించేలా ఫొటో, బోర్డు మోడల్ పేరు కలిపి పంపి, తర్వాత ఫోన్ చేశాడు. ఎక్కడికి పోవాలో, ఏది నొక్కాలో ఆయన ఫోన్లోనే చెప్పి, "అయినంక నాకు చెప్పు" అన్నాడు. సరైపోయాక వాడు మళ్ళీ ఫోన్ చేసి చెప్పాడు కూడా.

ఆదివారం రద్దీ ఎక్కువ, మామూలు రోజు పొద్దున పొండి. ప్రతి పార్టుకూ సీరియల్ నంబరుతో జీఎస్టీ బిల్లు ఇస్తాడు, వారంటీకి అదే ఆధారం. డబ్బాలు కూడా పారేయకండి.