బెంగళూరు మెజెస్టిక్ దగ్గర పాడ్ హోటల్లో ఒక రాత్రి: 5కి 2.5

పొద్దున తొమ్మిదికి ఎలక్ట్రానిక్ సిటీలో ఇంటర్వ్యూ, కర్నూలు బస్సు మెజెస్టిక్‌లో దింపేసరికి రాత్రి పదకొండున్నర. 799 రూపాయలకి పాడ్, అంటే ఒక మనిషి పడుకునేంత పెట్టెలాంటి గది, దొరికితే ఇంకేం కావాలి అనుకున్నా. హోటల్ పేరు రాయట్లేదు, అక్కడ పనిచేసే కుర్రాళ్లు మంచోళ్లు.

లోపల నీలం లైట్లు, తెల్ల ప్లాస్టిక్, గోడ నిండా ఎగిరే కార్లూ మబ్బుల్లో మేడలూ, కింద 'రేపటి నగరానికి స్వాగతం'. నవ్వొచ్చింది. ఆ రేపటికి యాభై ఏళ్లు దాటాయి మరి! టోక్యోలోని గింజాలో ఆర్కిటెక్ట్ కిషో కురొకావా గీసిన నకగిన్ కాప్స్యూల్ టవర్ 1972లో లేచింది. రెండు నిలువు స్తంభాల్లాంటి కట్టడాలకి 140 గదుల్ని బోల్టులతో బిగించారు. ఊరు కూడా ప్రాణమున్న చెట్టులా పెరుగుతూ మారుతూ ఉండాలని కురొకావా, ఆయన తోటి ఆర్కిటెక్టుల ఊహ, అందుకని పాతికేళ్లకోసారి పాత గది ఊడదీసి కొత్తది తగిలించాలని లెక్క వేసుకున్నారు. ఒక్కటీ మార్చలేదు, 2022లో మొత్తం విప్పేశారు. 1979లో ఒసాకాలో మొదటి కాప్స్యూల్ హోటల్‌కి డిజైన్ ఇచ్చిందీ ఆయనే, అంటే మన మెజెస్టిక్ పాడ్‌కి తాతగారన్నమాట.

సరే, నా పాడ్ సంగతి. పరుపు బాగుంది, దుప్పటి ఉతికిందే, ఛార్జింగ్ తల దగ్గరే. రాత్రి రెండింటికి ఫ్యాన్ ఆగిపోయింది. మూత బిగించిన ఇడ్లీ పాత్రలో పడుకున్నట్టుంది. కిందికెళ్లి చెబితే మదనపల్లె కుర్రాడు, "అన్నా, దాని వైరు పక్క పాడ్ ఎనకాల ఉంటాది, ఆయన్ని లేపితే గానీ తీయలేం" అన్నాడు. నకగిన్‌లోనూ ఇదే గోల, ఒక గది తీయాలంటే పైవాటిని కదపాలి! పాపం, పక్కాయన్ని లేపలేదు, తలుపు తీసిపెట్టుకుని పడుకున్నా.

అయితే నకగిన్ గదిలో బాత్రూమ్ ఉండేది, వీధి కనపడేలా పెద్ద గుండ్రటి కిటికీ ఉండేది. ఇక్కడ కిటికీ ఉండాల్సిన చోట గుండ్రటి స్టిక్కర్ అంటించారు, అందులోనూ ఎగిరే కారే. ఆ స్టిక్కర్ల డబ్బుతో నాలుగు ఎగ్జాస్ట్ ఫ్యాన్లు వచ్చేవి.

అడక్కుండానే 200 వెనక్కిచ్చారు, అందుకే ఆ అర మార్కు. వెళ్లేవాళ్లు కింది వరసే అడగండి, ఆరు దాటితే బాత్రూమ్ దగ్గర క్యూ ఉంటుంది.