విదేశీ బ్రహ్మ కోడి గుడ్లు, ‘లీగల్ ఇంపోర్ట్’ అంటే డబ్బు పంపకండి

ఫ్యాన్సీ కోళ్లు పెంచే అన్నలకీ, అక్కలకీ, డబ్బు కట్టేముందు ఒక్కసారి ఇది చదవండి. నాకు 30 వేలు పోయాయి. అంతకన్నా పెద్ద ముప్పే వచ్చి ఉండేది.

మాది తాడేపల్లిగూడెం దగ్గర పల్లె. పెరట్లో నాటు కోళ్లు, ఓ పది సిల్కీలు ఉన్నాయి. కాళ్ల నిండా ఈకలుండే బ్రహ్మ జాతి అంటే నాకు చాలా ఇష్టం. వాట్సాప్ గ్రూపులో ఒకతను ‘నెదర్లాండ్స్ బ్రహ్మ హ్యాచింగ్ గుడ్లు (పొదిగించే గుడ్లు), ఇంపోర్ట్ పర్మిట్‌తో’ అని పెట్టాడు. దొంగచాటుగా వచ్చే సరుకు నాకొద్దని ముందే చెప్పాను. వెంటనే మూడు సింహాల ముద్ర ఉన్న కాగితం ఒకటి పంపాడు. ముద్ర చూశాను, నమ్మాను. 24 గుడ్లకి 12 వేలు అడ్వాన్స్ ఫోన్‌పే చేశాను.

నాలుగు రోజులకి ఫోన్. ‘గుడ్లు గన్నవరం ఎయిర్‌పోర్ట్‌లో దిగాయి, క్వారంటైన్ ఫీజు 18 వేలు ఈరోజే కట్టాలి, లేకపోతే తగలబెట్టేస్తారు’ అన్నాడు. టెన్షన్‌లో అదీ కట్టేశాను. మర్నాడు ప్రైవేటు బస్సు పార్సిల్‌లో అట్టపెట్టె వచ్చింది. రంపపు పొట్టులో గుడ్లు, మూడు పగిలి కారుతున్నాయి. పెట్టె మీద విమానం స్టిక్కర్ ఒక్కటీ లేదు.

ప్రయాణంలో కుదిపిన గుడ్లు కదా అని, మొన దిగువకి పెట్టి ఒక రోజంతా కదపకుండా ఉంచాను. తర్వాత ఇంక్యుబేటర్‌లో 37.5 డిగ్రీల దగ్గర వేశాను. ఏడో రోజు రాత్రి లైటార్పి ఫోన్ టార్చి పెట్టి చూస్తే, 21లో 19 లాంతరు గ్లాసులా తేటగా వెలుగుతున్నాయి. ఒక్క నరం లేదు, అంటే లోపల పిల్ల పెరగట్లేదు. మిగతా రెండింట్లోనే సాలీడు కాళ్లలా ఎర్రటి నరాలు. ఆ రెండూ 21వ రోజు పిల్లలయ్యాయి. బ్రహ్మ పిల్లకి పుట్టుకతోనే కాళ్ల మీద నూగు ఉంటుంది. వీటి కాళ్లు నున్నగా, పచ్చగా ఉన్నాయి. మన నాటు పిల్లలే!

అప్పుడు ఆ కాగితం పట్టుకుని మా పశువుల డాక్టర్ గారి దగ్గరికి వెళ్లాను. ఆయన రెండు నిమిషాల్లో తేల్చేశారు. అది నిజం పర్మిట్‌కి తీసిన ఫొటోనే, కానీ దిగుమతిదారు పేరు దగ్గర మసక చేశారు. సరుకు గ్రాండ్ పేరెంట్ కోడిపిల్లలని (పెద్ద హ్యాచరీలు సంతతి పెంచడానికి తెచ్చుకునేవి) రాసి ఉంది, గుడ్లని కాదు. దేశం నెదర్లాండ్స్ కాదు. తేదీ రెండేళ్ల కిందటిది. ఇవన్నీ కాగితం మీదే ఉన్నాయి, నేనే చదవలేదు.

ఆయన చెప్పిన అసలు పద్ధతి ఇది. దిగుమతి చేసుకునేవాళ్లు ఢిల్లీలోని కేంద్ర పశుసంవర్ధక శాఖ నుంచి శానిటరీ ఇంపోర్ట్ పర్మిట్ తీసుకోవాలి, అదీ అక్కడ సరుకు ఎక్కకముందే. బతికున్న కోళ్లకైతే దానికి తోడు డీజీఎఫ్‌టీ (కేంద్ర విదేశీ వాణిజ్య డైరెక్టరేట్) లైసెన్సు కూడా. ఆ దేశపు ప్రభుత్వ వెటర్నరీ అధికారి ఇచ్చిన ఆరోగ్య ధ్రువపత్రం సరుకుతో పాటే రావాలి. కేంద్ర జంతు క్వారంటైన్ స్టేషన్లు ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నై, బెంగళూరు, హైదరాబాద్‌లలో ఉన్నాయి. గన్నవరంలో లేదు. అమ్మేవాడెవడైనా ‘ముందు గుడ్లు రానివ్వండి, పర్మిట్ తర్వాత చూపిస్తాను’ అన్నాడంటే అతని దగ్గర పర్మిట్ లేనట్టే. పైగా నెదర్లాండ్స్ ఫారాల్లో కొన్నేళ్లుగా బర్డ్ ఫ్లూ పదే పదే వస్తోంది, అలాంటి దేశాల కోళ్లు, గుడ్ల మీద మన ప్రభుత్వం ఆంక్షలు పెడుతుంది. ఇంత తతంగం పెద్ద హ్యాచరీ కంపెనీలు చేసుకుంటాయి గానీ, 24 గుడ్ల కోసం ఎవరూ చెయ్యరు.

నన్ను ఎక్కువ భయపెట్టింది డబ్బు కాదు. 2025 ఫిబ్రవరిలో తణుకు దగ్గర వేల్పూరులో, పెరవలి దగ్గర కానూరులో బర్డ్ ఫ్లూ తేలినప్పుడు కిలోమీటరు లోపల కోళ్లన్నీ చంపి పూడ్చారు. మా ఇంటికి అరకిలోమీటరులో మా బాబాయి లేయర్ (గుడ్ల కోళ్ల) షెడ్డు ఉంది. ఆ గుడ్లు నిజంగానే దొంగదారిన బయటిదేశం నుంచి వచ్చి, రోగం మోసుకొచ్చి ఉంటే, ఆయనకి నేనేం సమాధానం చెప్పేవాణ్ని? అందుకే గుడ్లు దొంగచాటుగా తెప్పిస్తానని ఎవరైనా తక్కువ ధర చెప్పినా ఆశపడకండి.

బ్రహ్మలు కావాలంటే మన దగ్గరే పెంచేవాళ్లున్నారు. వెళ్లి తల్లికోళ్లని కళ్లారా చూసి, గుడ్లు పెట్టి వారం దాటలేదని అడిగి తెచ్చుకోండి.

నేను సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇచ్చాను. డబ్బు ఇంకా రాలేదు. గుడ్లు అమ్మినతను నా నంబర్ బ్లాక్ చేశాడు, కానీ నిన్న వేరే గ్రూపులో వేరే పేరుతో అవే గుడ్ల ఫొటో కనిపించింది. నీలం ట్రే, మూలన ఒక గుడ్డు మీద సన్నని పగులు. ఆ ఫొటో మీకూ వచ్చి, మీరు ఇప్పటికే కట్టి ఉంటే ఈరోజే 1930కి చెప్పండి. రసీదులు, చాట్‌లు దాచుకోండి, చెరపకండి.